డబ్బాలోని ఉండలు ఎవరికి?

తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు లేచి మీ ఊరి చెరువుకట్ట వైపు ఎప్పుడైనను చూచితిరా? చూచియున్నయెడల ఆ చీకటిలో పరుగెత్తుచున్న పిల్లలు మీకు కనబడియుందురు. కొందరు సైన్యములో చేరవలెనని, కొందరు పోలీసు ఉద్యోగము సంపాదింపవలెనని, కొందరు కబడ్డీ జట్టులో ఆడవలెనని పరుగెత్తుదురు. వారిని చూచినప్పుడు మనకు సంతోషము కలుగును. గాని వారు ఏమి తిని పరుగెత్తుచున్నారని మనలో ఎందరము అడుగుచున్నాము? ఇంటిలో ఒక బిడ్డను గూర్చి నేను అడిగితిని, మరియొక బిడ్డను గూర్చి అడుగలేదు. దానివలన జరిగిన సంగతి మీకు చెప్పుటకు సిగ్గుగానే యున్నది. అయినను మీలో ఒక్కరి యింటనైనను ఇట్టిది జరుగకుండునేమో యని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను ముప్పది రెండు సంవత్సరములు చిన్న పిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నదానను. మాది మెట్ట గ్రామము. నా కుమారుడు, కోడలు, వారి బిడ్డలిద్దరు, నేను ఒక్క యింటనే యుందుము. మనుమడు పెద్దవాడు, మనుమరాలు వానికి రెండేండ్లు చిన్నది. డిగ్రీ ముగిసిన తరువాత మనుమడు కానిస్టేబులు పరీక్షకు సిద్ధపడసాగెను. ఆ ఉద్యోగమునకు వెళ్లు యువకుడు 1600 మీటర్లు నియమించిన వేళలోగా పరుగెత్తవలెను. కాబట్టి వాడు ప్రతి ఉదయము చెరువుకట్టకు వెళ్లుచుండెను.

ఒక దినమున వాడు పట్టణమునుండి పెద్ద డబ్బా ఒకటి కొని తెచ్చెను. అందులో బలము కొరకు పాలలో కలుపుకొని త్రాగు పొడి యున్నది. దాని వెల మూడు వేల రూపాయలు. ఆ సొమ్ము వాడు స్నేహితుని యొద్ద అప్పు తెచ్చెను. ఆ మాట విని వాని తండ్రి కోపపడెను. నేను మధ్యకు వచ్చి, "ఒరేయ్, ఇకమీదట డబ్బాలు కొనకు. నీకు కావలసింది నేను చేసి పెడతాను" అంటిని. ఆ పొడులు చెడ్డవని నేననను. వానిలో మాంసకృత్తులు ఉండును. గాని కూలి చేసికొని బ్రదుకు ఇంటికి అంత వెల పెట్టవలసిన అవసరము లేదు. మన చేలలో పండునదే ఆ పని చాలవరకు చేయగలదు.

నా చిన్ననాట మా తండ్రి తెల్లవారకమునుపే అరక కట్టుకొని చేనికి పోవుచుండెను. మా తల్లి ఆయన పైపంచె చెంగున రెండు వేరుశనగ ఉండలు కట్టి పంపెడిది. పదిగంటల వరకు ఆయనకు అదే ఆధారము. ఆ సంగతి జ్ఞాపకము చేసికొని నేనును ఉండలు చేయ మొదలుపెట్టితిని. మీరును చేసికొనుటకు వీలుగా కొలతలు చెప్పుచున్నాను.

వేరుశనగ పలుకులు 250 గ్రాములు, నువ్వులు 100 గ్రాములు, రాగిపిండి 100 గ్రాములు, బెల్లము 250 గ్రాములు, నెయ్యి రెండు చెంచాలు తీసికొనుడి. మొదట పలుకులను మూకుడులో సన్నని సెగమీద దోరగా వేయించి, చల్లారిన పిమ్మట అరచేతులతో నలిపి, చేటలో చెరిగి పొట్టు తీసివేయుడి. నువ్వులను చిటపటలాడు వరకు వేయించుడి. రాగిపిండిని నెయ్యివేసి కమ్మని వాసన వచ్చువరకు వేయింపవలెను; పచ్చిపిండి వాసన మిగిలినయెడల కడుపులో ఉబ్బరము కలుగును. తరువాత పలుకులను, నువ్వులను రోటిలో వేసి మరీ మెత్తగా కాక కచ్చాపచ్చాగా దంచి, బెల్లము చేర్చి మరల దంచుడి. పలుకుల నూనె పైకి వచ్చి బెల్లముతో కలియును గనుక పాకము పట్టవలసిన పని లేదు. రాగిపిండి కలిపి, వెచ్చగా నున్నప్పుడే ఉండలు కట్టుడి. ఉండ నిమ్మకాయ కంటె కొంచెము చిన్నదిగా నుండవలెను. ఈ కొలతకు ఇంచుమించు 28 ఉండలు వచ్చును. తడి తగలని డబ్బాలో పెట్టినయెడల రెండు వారములు చెడిపోవు.

ఒక్కొక్క ఉండలో సుమారు 120 కెలోరీల శక్తియు, 3 గ్రాముల మాంసకృత్తులును ఉండును. వేరుశనగ పలుకులు 100 గ్రాములు తీసికొన్నయెడల అందులో నాలుగవ వంతు మాంసకృత్తులే. రాగులు 100 గ్రాములలో ఎముకలకు బలమిచ్చు కాల్షియము 340 మిల్లీగ్రాములకు పైగా కలదు. అంతే తూకము పాలలో ఉండుదాని కంటె ఇది రెండింతలకు మించినది. మన హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. అది 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు వచ్చినది. మన దేశములో తిను పదార్థములలో ఏ సారము ఎంత కలదో ఆ సంస్థవారు పరీక్షించి 2017లో పెద్ద పట్టికగా ప్రకటించిరి. పేదవాని ధాన్యమని మనము చిన్నచూపు చూచిన రాగి, జొన్న, సజ్జల విలువ అందులో స్పష్టముగా కనబడును. ఐక్యరాజ్యసమితివారు 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన సంగతి మీలో కొందరు వినియుందురు.

అయితే మంచి పదార్థమైనను తగిన వేళలో తినకపోయినయెడల మేలు చేయదు. ఇది నేను ఆలస్యముగా నేర్చుకొంటిని. మొదటి దినమున నేను మనుమనికి పరుగుకు పోవుటకు పది నిమిషముల ముందు రెండు ఉండలు తినిపించి పంపితిని. వాడు రెండు చుట్లు తిరిగి, డొక్కలో నొప్పియని కూర్చుండి, కట్టమీదనే కక్కుకొనెను. పలుకులలోను నువ్వులలోను నూనె ఎక్కువ. నూనె గల పదార్థము కడుపులోనుండి మెల్లగా దిగును. ఆ వేళ రక్తము కాళ్ల కండరములకు పరుగిడుచుండును గనుక కడుపు తన పని చేయలేదు.

మరి ఏమియు తినక పరుగెత్తవచ్చునా? రాత్రి మనము నిద్రించునప్పుడు కాలేయములో దాచబడిన చక్కెర నిల్వ కొంచెము కొంచెముగా తరిగిపోవును. తెల్లవారుసరికి అది తక్కువగా నుండును. కండరములలో వేరొక నిల్వ యుండును గనుక కొద్ది పరుగుకు అది చాలును. గాని రాత్రి చాలినంత తినని బిడ్డ, లేక దేహములో రక్తము తక్కువైన బిడ్డ, ఖాళీ కడుపుతో గట్టిగా పరుగెత్తినప్పుడు కండ్లు తిరిగి పడిపోవచ్చును. కాబట్టి పరుగుకు అరగంట ముందు ఒక అరటిపండు గాని, గుప్పెడు మరమరాలు చిన్న బెల్లపుముక్కతో గాని తిని, గ్లాసెడు నీరు త్రాగవలెను. ఇవి త్వరగా అరుగును. పరుగు ముగించి వచ్చిన పిమ్మట ఒకటి రెండు ఉండలు తిని, ఉప్పు వేసిన మజ్జిగ గాని రాగి అంబలి గాని త్రాగవలెను. అలసిన కండరములు తమ నిల్వను మరల నింపుకొనుటకు బెల్లపు తీపి, అరిగినదానిని బాగుచేసికొనుటకు పలుకుల మాంసకృత్తులు అప్పుడు ఉపయోగపడును. నానబెట్టి మొలకెత్తించిన పెసలు, ఉడికించిన కోడిగుడ్డు కూడ ఆ వేళకు మంచివే. ఈ క్రమము పెట్టిన తరువాత మనుమనికి డొక్కనొప్పి రాలేదు. నెల తిరుగకమునుపే వాని పరుగు మెరుగుపడెను. నేను ఇరుగుపొరుగువారితో గొప్పగా చెప్పుకొంటిని.

ఇంతవరకు నేను మనుమని గూర్చియే చెప్పితిని. మీరు గమనించితిరో లేదో, ప్రియ చదువరీ, మా యింట మరియొక బిడ్డ కలదని మొదటనే చెప్పియుంటిని.

అన్న పరుగెత్తుచుండగా చెల్లెలును ఆ ఉద్యోగమునకే సిద్ధపడెదనని చెప్పెను. మేము వద్దనలేదు. ఆమెయు అన్న వెంట కట్టకు పోసాగెను. అయితే నాలుగు గంటలకు లేచి వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, తల్లి కూలికి పోవుటకు ముందే పొయ్యి రాజేసి, అటు పిమ్మట పరుగుకు పోయెడిది. నా మోచేతులకు నొప్పి గనుక రోటిలో పలుకులు దంచునదియు ఆమెయే. నేను ప్రక్కన పీట వేసికొని కూర్చుండి బెల్లము తరుగుచు, "ఇంకా కొంచెం నలగాలే" అని చెప్పుచుండెడిదానను. ఉండలు కట్టి, లెక్కపెట్టి, డబ్బాలో వేసెడిదానను. దినమునకు రెండు చొప్పున పదునాలుగు దినములకు 28 ఉండలు. అవి అన్నియు మనుమనివే. నాకు లెక్క సరిగా కుదిరెనని నేను సంతోషించితిని!

ఒకనాడు ఆమెను అడిగితిని: "నువ్వు తిన్నావా?"

"రోట్లో పొడి మిగిలితే తిన్నాన్లే నాయనమ్మా. అన్నయ్యకు కావాలి కదా" అనెను.

ఆ మాట విని నా మనస్సు నొచ్చుకొనవలసినది. నొచ్చుకొనలేదు. పైగా, మంచి పిల్ల, అన్నమీద ఎంత ప్రేమ యని మెచ్చుకొంటిని. ఏలయనగా మా తల్లియు అట్లే చేసెడిది. తండ్రికి ఉండలు కట్టి పంపి, రోటిలో అంటుకొనియున్న పొడిని వ్రేలితో తుడిచి నోట వేసికొనెడిది. దానినే నేను ప్రేమయని నేర్చుకొంటిని. నేర్చుకొన్నదానినే నా మనుమరాలికి నేర్పితిని.

శీతకాలములో ఒక ఉదయమున మనుమడు పరుగెత్తుకొనుచు ఇంటికి వచ్చి, "నాయనమ్మా, చెల్లి పడిపోయింది" అని కేక వేసెను. మేము పోయి చూచుసరికి ఆమె కట్టమీద తుమ్మచెట్టు క్రింద పడియుండెను. పెదవులు తెల్లబారియుండెను. ఆటోలో ఎక్కించుకొని ఆసుపత్రికి తీసికొనిపోతిమి. రక్తము పరీక్షించిరి. స్త్రీకి హిమోగ్లోబిను 12 ఉండవలెను, ఆమెకు 8.4 మాత్రమే యుండెను. డాక్టరమ్మ చిన్న వయస్సుది. కాగితము చూచి, నావైపు తిరిగి, "మామ్మగారూ, ఈ అమ్మాయి పొద్దున ఏం తిని పరుగుకు వెళ్తుంది?" అని నెమ్మదిగా అడిగెను.

నేను ముప్పది రెండు సంవత్సరములు పిల్లలను ప్రశ్నలు అడిగినదానను. ఆ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతిని. మనుమడు ఏమి తినునో, ఎన్ని గంటలకు తినునో, ఎన్ని తినునో నాకు తెలియును. మనుమరాలు ఏమి తినునో తెలియదు. అదే రోలు, అదే డబ్బా, అదే ఇల్లు. దంచిన చేతికి పొడి మాత్రమే మిగిలెను.

డాక్టరమ్మ కొన్ని సంగతులు వివరించెను. వాటిని మీకును చెప్పుట నా విధి. ఆడపిల్లకు నెలనెల రక్తము పోవును గనుక ఇనుము అక్కర పురుషునికంటె ఎక్కువ. ఉండలు తిన్నంతమాత్రమున రక్తహీనత నయము కాదు. బెల్లములో ఇనుము కలదని మనము చెప్పుకొందుము గాని అది కొద్దియే. దేహమునకు అందునది ఇంకను తక్కువ. కాబట్టి డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు తప్పక మ్రింగవలెను. ఆకుకూరలు, పప్పులు, గ్రుడ్లు, దొరికినప్పుడు మాంసము తినవలెను. అన్నములో నిమ్మరసము పిండుకొన్నను, జామకాయ గాని ఉసిరికాయ గాని తిన్నను ఆకుకూరలలోని ఇనుము దేహమునకు బాగుగా అందును. భోజనముతోపాటు టీ త్రాగినయెడల అది అందకుండ పోవును. కడుపులో నులిపురుగులున్నవేమో చూచుకొనవలెను. మన దేశములో 2019 నుండి 2021 వరకు ప్రభుత్వమువారు జరిపిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో 100 మందికి 57 మంది రక్తహీనులని తేలినది. అనగా మీ పేటలోని ఆడవారు వరుసగా కూర్చుండినప్పుడు సగమునకు మించినవారు అట్టి స్థితిలో నుండవచ్చును. వారిలో అనేకులు పడిపోరు. పడిపోరు గనుక మనము అడుగము.

ఆ సాయంకాలము ఇంటికి వచ్చి డబ్బా ముందు పెట్టుకొని కూర్చుంటిని. అందులో ఇంకను పదకొండు ఉండలుండెను. మనుమడు వచ్చి ప్రక్కన కూర్చుండి, "నాకు తెలిస్తే నాదాంట్లో సగం ఇచ్చేవాణ్ణి కదా నాయనమ్మా" అని కన్నీరు పెట్టుకొనెను. వాడు అబద్ధమాడలేదు. అడిగినయెడల ఇచ్చియుండును. గాని పెట్టునది నేను. వాని కన్ను చెల్లెలి చేతివైపు తిరుగునట్లు నేను వానిని పెంచలేదు. మనుమరాలు మంచముమీదనుండి, "పోనీ నాయనమ్మా, ఇప్పుడేమయింది" అని నన్నే ఓదార్చెను. ఆ ఓదార్పు నాకు అన్నిటికంటె భారముగా నుండెను.

బైబిలులో మొదటి సమూయేలు గ్రంథము 30వ అధ్యాయములో ఒక సంగతి కలదు. ఐగుప్తీయుడైన పనివాడొకడు రోగియైనందున యజమానుడు వానిని పొలములో విడిచి వెళ్లిపోయెను. మూడు రాత్రింబగళ్లు వాడు అన్నపానములు లేక పడియుండెను. దావీదు మనుష్యులు వానికి రొట్టెయు, నీళ్లును, అంజూరపు అడ ముక్కయు, రెండు ద్రాక్షగెలలును పెట్టగా వాడు తెప్పరిల్లెను. అంజూరపు పండ్లను ఎండబెట్టి ముద్దగా అదిమినదే ఆ అడ; మన ఉండవంటి ప్రయాణపు ఆహారమే. ఆ కథను నేను ఎన్నిసారులో పిల్లలకు చెప్పితిని. దావీదు దండు నడచుటకు తెచ్చుకొన్న తిండి, వెనుక పడిపోయినవానికి పెట్టబడెనన్న సంగతి ఆ రాత్రియే నాకు తట్టెను.

మరునాటినుండి మా యింట లెక్క మారెను. ఇప్పుడు ఒక్కసారికి రెండింతల కొలత వేసికొని 56 ఉండలు కట్టుచున్నాము. మనుమనికి రెండు, మనుమరాలికి రెండు, కూలికి పోవు కోడలికి ఒకటి, కుమారునికి ఒకటి. పరుగెత్తువారు మాత్రమే వ్యాయామము చేయువారని నేను తలంచితిని. వంగి నాట్లు వేయు స్త్రీ దినమెల్ల చేయునది ఏమి? పలుకులు దంచుట మనుమని పనిగా నియమించితిని. వాని భుజములకు అదియు మంచి సాధనయే! మనుమరాలు డాక్టరమ్మ చెప్పువరకు పరుగు మానుకొని, మాత్రలు వేసికొని, నాలుగు నెలలకు మరల పరీక్ష చేయించుకొనెను. హిమోగ్లోబిను 11.3కు వచ్చినది. ఇంకను కొంచెము తక్కువయే. డాక్టరమ్మ సెలవిచ్చిన తరువాత మొదట నడకతోను, పిమ్మట మెల్లని పరుగుతోను మరల మొదలుపెట్టినది. ఉద్యోగము ఇద్దరిలో ఎవరికిని ఇంకను రాలేదు. మనుమడు పరుగులో నెగ్గి వ్రాతపరీక్షలో తప్పెను, మరల చదువుచున్నాడు.

మీరు ఈ ఉండలు చేయ తలపెట్టినయెడల కొన్ని జాగ్రత్తలు మరువకుడి. బూజు పట్టిన, ముడుతలు పడిన, చేదెక్కిన వేరుశనగ పలుకులను ఏరి పారవేయుడి. ఆ బూజులో కాలేయమునకు హాని చేయు విషముండును. వేయించినను అది పూర్తిగా పోదు. తక్కువ వెలకు వచ్చెనని అట్టివి కొనవద్దు. మధుమేహము గలవారు బెల్లము పంచదారకంటె మంచిదని నమ్మి మోసపోవద్దు. రెండును రక్తములో చక్కెరను పెంచునవే. కొందరికి వేరుశనగ గాని నువ్వులు గాని పడవు. దద్దురు గాని, ఆయాసము గాని వచ్చినయెడల వెంటనే మానివేసి వైద్యుని చూడవలెను. పసిపిల్లలకు పలుకులు అట్లే ఇయ్యవద్దు, గొంతులో అడ్డుపడును. పని లేక కూర్చుండి తిన్నయెడల ఈ ఉండలే ఒంటికి బరువగును. నావంటి ముసలిదానికి సగము చాలును.

ప్రియ చదువరీ, నేను మీకు పెద్ద సంగతి ఏదియు చెప్పలేదు. మీ యింట రోలుండును, లేక మిక్సీ యుండును. వేరుశనగలు, బెల్లము అంగడిలో దొరకును. ఉండలు కట్టుట మీకు నాకంటె బాగుగా తెలిసియుండును. నేను అడుగునది ఒక్కటే. ఈ రాత్రి భోజనమైన పిమ్మట డబ్బా మూత తీసి, అందులోనివి ఎవరెవరికని లెక్కవేయుడి. ఆ లెక్కలోనికి రాని పేరు ఏది? ఆ బిడ్డను పేరుపెట్టి పిలిచి, రేపు ఉదయము ఏమి తిని పనికి పోవుదువని అడుగుడి. "తిన్నాన్లే" అని చెప్పినయెడల, ఏమి తింటివని రెండవసారి అడుగుడి. నేను ఒక్కసారి మాత్రమే అడిగితిని.